కరచాలనమూ, చెలిమీ

1963 జులై 24న శ్వేతసౌధపు గులాబీ తోటలో పదహారేళ్ళ బిల్ క్లింటన్ అధ్యక్షుడు కెనెడీతో కరచాలనం చేశాడు. 'బాయ్స్ నేషన్' శిబిరానికి ఆర్కాన్సా రాష్ట్రం పంపిన కుర్రవాడతడు. యువ నాయకత్వ శిబిరాల ప్రస్తావన వస్తే చాలు, అందరూ ఆ ఛాయాచిత్రాన్నే చూపిస్తారు. "మీవాణ్ణీ పంపండి, పెద్దల పరిచయాలు దొరుకుతాయి" అంటారు. నా అభ్యంతరమంతా ఈ మాట మీదే. పరిచయాలు ఏరుకోవడానికి శిబిరమెందుకు? పెళ్ళివిందు చాలదా?

అమెరికన్ లీజియన్ 1935లో ఇల్లినాయ్‌లో ఆరంభించిన 'బాయ్స్ స్టేట్' పద్ధతిని గమనించండి మిత్రులారా. చాలాచోట్ల పిల్లలను ఫెడరలిస్టులు, నేషనలిస్టులు అని రెండు పక్షాలుగా నిర్వాహకులే పంచుతారు. ఎవరి అభిప్రాయాలతోనూ పని లేదు. ముఖమెరుగని వాడితో కలిసి వారం రోజుల్లో ప్రణాళిక రాయాలి, ఓట్లడగాలి, ఓడిపోవడమూ నేర్వాలి. తాను ఎన్నడూ ఎంచుకోని మనిషి పక్కన కూర్చోవలసి రావడమే ఈ ఏర్పాటులోని వరం.

దాన్ని చేజార్చుకోవడమూ సులువే. టెక్సస్ శిబిరంపై 2020లో వచ్చిన 'బాయ్స్ స్టేట్' డాక్యుమెంటరీలో ఒక అభ్యర్థి, గర్భస్రావంపై తన అసలు అభిప్రాయం దాచి, సభకు నచ్చేదే పలికానని ఒప్పుకుంటాడు. ఓట్లు రాబట్టే నేర్పు అలా అబ్బవచ్చు. మనసు దాచుకున్నవాడికి స్నేహితుడెలా దొరుకుతాడు? "నీ మాట తప్పు" అని ముఖం మీదే చెప్పి, ఆ రాత్రి అదే బల్ల దగ్గర కలిసి భోంచేయగలిగితే, అదీ చెలిమి.

కనుక తల్లిదండ్రులారా, తిరిగొచ్చిన పిల్లవాణ్ణి "ఏ పెద్దల్ని కలిశావు?" అని అడగకండి. "నీతో విభేదించినవాళ్ళలో ఎవరు నేస్తమయ్యారు?" అని అడగండి. ఒక్క పేరూ రాకపోతే ఆ వారమంతా వృథా.