1.7 దగ్గర గట్టు లేదు

'ఋణవిద్యుదాత్మకతల తేడా 1.7 కంటె ఎక్కువైతే అయానిక బంధం, తక్కువైతే సమయోజనీయ బంధం.' ఈ వాక్యాన్ని మీలో చాలామంది కంఠస్థం చేసే ఉంటారు. ఒక మార్కు ప్రశ్నకు ఇది చక్కగా పనికివస్తుంది. రసాయనశాస్త్రానికి మాత్రం అంతగా పనికిరాదని నా అభిప్రాయం.

చిన్న లెక్క వేసి చూడండి. ఫ్లోరిన్ విలువ 3.98, హైడ్రోజన్‌ది 2.20. తేడా 1.78. అంటే హైడ్రోజన్ ఫ్లోరైడు మన ఉప్పులాంటి అయానిక పదార్థం కావాలి. నిజానికి అది అణువులతో ఏర్పడిన సమయోజనీయ పదార్థం. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. ఇక లిథియం 0.98, అయొడిన్ 2.66. తేడా 1.68. ఇది సమయోజనీయం కావాలి గదా! కాని లిథియం అయొడైడు స్ఫటికరూపంలో ఉండే లవణం. అది కరగాలంటే సుమారు 469 డిగ్రీల వేడి కావాలి. కరిగిన తరువాత విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కూడా.

తప్పెవరిది? లైనస్ పౌలింగ్‌ది కాదు. 1932లో ఆయన ఈ కొలమానాన్ని బంధశక్తుల నుంచి రాబట్టాడు. ఒక మోల్ హైడ్రోజన్ బంధాలను తెంచడానికి 436 కిలోజౌళ్లు కావాలి, క్లోరిన్‌కైతే 243. సగటు సుమారు 340. హైడ్రోజన్, క్లోరిన్ ఎలక్ట్రాన్ జంటను సమానంగా పంచుకుంటే వాటి మధ్య బంధశక్తి దాదాపు అంతే ఉండాలి. ఉన్నదో, 431! ఆ జంట క్లోరిన్ వైపు ఒరగడం వల్ల వచ్చిన అదనపు బలమది. ఆ అదనాన్నే పౌలింగ్ అంకెలుగా మార్చాడు.

ఆయన లెక్కలో 1.7 అంటే బంధానికి సగం అయానిక స్వభావం వచ్చే చోటు, అంతే. సగం దారిలో పాతిన రాయిని మనం ఊరి పొలిమేర చేశాం. ద్విధ్రువ భ్రామకాలను బట్టి లెక్కకడితే హైడ్రోజన్ క్లోరైడులో అయానిక స్వభావం సుమారు 18 శాతం, హైడ్రోజన్ ఫ్లోరైడులో సుమారు 41. సున్నా కాదు, నూరూ కాదు.

పరమాణువుల పరిమాణం సంగతి ఈ తేడా అసలు చెప్పదు. లిథియం అయొడైడు స్ఫటికంలో ఒక్కొక్క లిథియం చుట్టూ ఆరు అయొడైడు అయాన్లుంటాయి. హైడ్రోజన్ కేంద్రకమో, అతి చిన్నది. ఒకే ఒక్క ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ మేఘంలోకి చొచ్చుకుపోతుంది.

ప్రశ్నపత్రం నాకు వదిలిపెడితే 'ఇది ఏ బంధం?' అని అడగను. 'ఎలక్ట్రాన్లు ఎటు ఒరిగాయి? ఎంత ఒరిగాయి? ఆ పదార్థం గుణాలు దానికి సరిపోతున్నాయా?' అని అడుగుతాను. దిద్దడం కొంచెం కష్టమే. నేనూ చాలా ఏళ్లు దిద్దినవాణ్ణే లెండి!