తూనికరాళ్లు ఎవరిచేత నున్నవి?

సంతలో బియ్యము కొనువాడు వర్తకుని మాట నమ్మి మూట కట్టుకొనడు. తక్కెడ ముల్లు చూచును. రాతిపై సర్కారు ముద్ర గలదో లేదో చూచును. ప్రక్క దుకాణమున ధర యడుగును. ఆ పిదపగాని రొండినున్న రూక వెలికి తీయడు. ఇంతటి జాగరూకత గల మన జనులే, ఇంటికి మూడు నాలుగు చరవాణులకు నెలనెల వందల రూపాయలు చెల్లించుచు, తాము కొన్నదేమో, ఎంతయో, ఏ ధరకో యెరుగకున్నారు. ఇది ప్రజల మూఢత్వమందుమా? అనజాలము. ఈ బేరమున తక్కెడయు వర్తకునిదే, తూనికరాళ్లును వర్తకునివే, ముద్ర వేయువాడును చాలవరకు వర్తకుడే. కొనువానికి మిగిలినది చెల్లించుట యొక్కటియే!

ఈ వ్యాపారము మన దేశమున బాల్యావస్థ దాటి చాలకాలమైనది. 1995 జూలై 31వ తేదీన బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాంగారితో చరవాణిపై మాటలాడిరి. నాడు నిమిషమునకు సుమారు 16 రూపాయలు. వచ్చిన పిలుపునకును రుసుము చెల్లించవలసినదే. 2003లో ఆ రెండవ భారము తొలగినది. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో కంపెనీ రంగమునకు వచ్చి, కొన్ని నెలలపాటు డేటాను ఉచితముగ పంచిపెట్టగా ధరలు పాతాళమునకు దిగినవి. పల్లెటూరి పిల్లవాడు పాఠములను చేతిలోనే చూడగలిగెను. ఆ మేలును మేము కాదనము. మేలు చేసినవానిని మెచ్చుకొనుటకు పత్రికకు సంకోచముండరాదు.

కాని ఉచితముగ పెట్టిన విందునకు లెక్క తరువాత వచ్చినది. ఒకప్పుడు ఒక్కొక్క సర్కిలున పదికి మించిన కంపెనీలు పోటీపడుచుండెడివి. 2012 ఫిబ్రవరి 2వ తేదీన సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసినది. పిమ్మట జియో రాకతో చిన్నకంపెనీలు ఒకటి వెంట నొకటి కూలినవి. కొన్ని పెద్దవానిలో కలిసినవి. వోడాఫోను, ఐడియాలు 2018 ఆగస్టులో ఏకమైనవి. నేడు మిగిలినవి మూడు ప్రైవేటు కంపెనీలు, ప్రభుత్వ సంస్థయగు బి.ఎస్.ఎన్.ఎల్. ఒకటి. ఇందును జియో, ఎయిర్‌టెల్ రెండింటిచేతనే దేశమందలి చందాదారులలో నాలుగింట మూడువంతులకు సమీపమైన సంఖ్య యున్నది. పోటీ యను మాట మిగిలినది, పోటీ సన్నగిల్లినది. 2024 జూలై 3వ తేదీన జియోయు ఎయిర్‌టెల్‌ను, మరునాడే వోడాఫోన్ ఐడియాయు ధరలు పెంచినవి. జియోవారి 239 రూపాయల పథకము ఒక్క రాత్రిలో 299 అయినది. ముగ్గురు వర్తకులు రెండు దినములలో ఒకే దిక్కునకు నడచుట యాదృచ్ఛికమని నమ్మువారు నమ్ముదురుగాక. పోయి చేరుటకు వేరొక దుకాణము లేని సంతలో బేరమాడుట యెట్లో వారు చెప్పవలెను.

ఇక వీరు అమ్ము సరకును పరీక్షింతము. సరకులు మూడు: వేగము, వ్యాప్తి, వెల.

వేగమునే వీరు ఉత్సవమూర్తివలె ఊరేగింతురు. ఏ ప్రకటన చూచినను తామే ప్రథములమని చాటుదురు. 2017లో ఎయిర్‌టెల్‌వారు తమదే అధికారికముగ అత్యంత వేగవంతమైన నెట్‌వర్కని ప్రకటింపగా, జియోవారు ఫిర్యాదు చేసిరి. ప్రకటనల ప్రమాణముల మండలివారు ఆ ప్రకటన తప్పుదారి పట్టించునదని, సవరింపుడు లేదా ఉపసంహరింపుడని తీర్పు చెప్పిరి. ఎయిర్‌టెల్‌వారు ఆ తీర్పును అంగీకరింపలేదు. అంతటి కోటీశ్వరులకే ఏ కొలబద్ద నిజమైనదో తేలకుండ, ఒక గుమాస్తా తన వీధిలో కూర్చుండి ఎట్లు తేల్చుకొనగలడు?

వేగమన నేమి? ఒక టవరు మోయగలిగిన బరువును ఆ క్షణమున దానిని పట్టుకొని వ్రేలాడు జనులందరును పంచుకొనుటయే. తెల్లవారుజామున నాలుగుగంటలకు కొలిచిన వేగము రాత్రి తొమ్మిదిగంటల వేగము కాదు. ప్రకటనలోని అంకె మొదటిది. మన పిల్లలు చదువుకొను వేళ దొరకునది రెండవది. కొలతలోనే మరియొక చమత్కారము గలదు. వేగమును బిట్లలో చెప్పుదురు; సరకును బైట్లలో అమ్ముదురు. ఎనిమిది బిట్లయిన నొక బైటు. నూరు మెగాబిట్ల వేగమని గొప్పగా చెప్పినది సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. వీసెలలో ధర చెప్పి తులములలో తూచు వర్తకుని మన తాతలు ఏమనియెడివారో పాఠకులే యూహింతురుగాక! దినమునకిచ్చిన డేటా తీరినపిమ్మట సాధారణముగ మిగులు వేగము సెకనుకు 64 కిలోబిట్లు. ఒక్క మెగాబైటు ఛాయాచిత్రము దిగుటకు రెండు నిమిషములు పట్టును. అంత అల్పమైన సదుపాయమును గూడ అపరిమితమను మాటతో అమ్ముటకు వీరు సిగ్గుపడరు.

వ్యాప్తి సంగతి యింతకంటె శోచనీయము. తక్కువ ఆవృత్తిగల తరంగము దూరము పోవును, గోడలు దూరును. ఎక్కువ ఆవృత్తిగలది విశేషవేగము నిచ్చునుగాని త్వరలోనే అలసిపోవును. 5జీకై విరివిగా వాడు 3300 మెగాహెర్ట్‌జు తరంగములు ఈ రెండవజాతివి. వానికై దగ్గరదగ్గరగా టవర్లు కట్టవలెను. లాభము గల పట్టణములందే కట్టుదురు. కనుక వేగమునే దేవతగ పూజించినచో, ఆ పూజాఫలము హైదరాబాదు, విశాఖపట్టణముల ప్రధాన వీధులకు దక్కును; కొండవాసికి శూన్యము.

ఈ వ్యత్యాసమును కప్పిపుచ్చుటకు సరాసరి యను దుప్పటి గలదు. 2014లో రాష్ట్రము రెండైనను, టెలికాం లైసెన్సు లెక్కలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు నేటికిని ఒక్కటే సర్కిలు. నాణ్యతను గూర్చిన నివేదికలలో చాలభాగము ఆ సర్కిలు పేరనే వెలువడును. హైదరాబాదు అద్దాలమేడలలోని వేగమును, పాడేరు కొండలమీది మౌనమును ఒక్క పాత్రలో పోసి కలిపి, మధ్యరకముగ నున్నదని చెప్పినచో, మేడవానికి నష్టము లేదు. కొండవానికి గొంతే లేదు. రేషను బియ్యమునకు వ్రేలిముద్ర వేయవలెనన్న యంత్రమునకు సంకేతమందవలెను. అందనినాడు ముసలిది బియ్యము లేక మరలవలెనా, లేక సంకేతమందు చోటికి కొండ యెక్కవలెనా? 2022 జూలైలో కేంద్రప్రభుత్వమువారు సంకేతమెరుగని 24,680 గ్రామములకు 4జీ సదుపాయము కల్పించుటకు 26,316 కోట్ల రూపాయలు మంజూరుచేసిరి. ఆ సంఖ్యయే సాక్ష్యము: ప్రైవేటు వేగపు పందెము ఇన్ని గ్రామముల ప్రక్కనుండి పరుగెత్తిపోయినది, తుదకు ప్రజాధనముతో ఆ లోటు పూడ్చవలసివచ్చినది.

వెల యందు వీరి నేర్పు మరింత సూక్ష్మము. నెల యనగా ముప్పది దినములని మన పంచాంగము. ఇరువదియెనిమిదని వీరి పంచాంగము. 28ని 13చే గుణించిన 364. అనగా వీరి సంవత్సరమునకు పదుమూడు మాసములు! 299 రూపాయల పథకము గొన్నవాడు ఏటికి 12 మారులు చెల్లించి 3,588 రూపాయలైనదనుకొనును. నిజముగ చెల్లించునది 13 మారులు, 3,887 రూపాయలు. నాలుగు చరవాణులుగల యింట ఈ అధికమాసము ఖరీదు 1,196 రూపాయలు. 2022 జనవరిలో ట్రాయివారు ముప్పది దినముల పథకమొకటి, ప్రతినెల అదే తేదీన తీరు పథకమొకటి తప్పక యుంచవలెనని ఆజ్ఞాపించిరి. అవి యున్నవి, కాని దుకాణము ముందువరుసలో నుంచునవి 28 దినములవే.

కంపెనీలవారి సమాధానము మేమెరుగుదుము. ప్రపంచమున ఇంత చౌకగా డేటా దొరకు దేశములు అరుదనియు, టవర్లకును తరంగములకును లక్షల కోట్లు వ్యయమైనదనియు వారందురు. ఒక్కొక్క చందాదారునివలన నెలకు సగటున 300 రూపాయలు రావలెనని ఎయిర్‌టెల్‌వారు బహిరంగముగనే చెప్పుచున్నారు. జీబీ లెక్కన చౌక యనుట సత్యము. కాని పేదవానికి జీబీ లెక్క యెందుకు? వానికి కావలసినది తన నంబరు బ్రదికియుండుట, పట్టణమున కూలిచేయు కొడుకు పిలుపు అందుట. 2018 చివర ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియాలవద్ద నంబరు నిలుపుకొనుటకు 28 దినములకు 35 రూపాయలు చాలెను. 2021 నవంబరునకు అది 99. 2024 జూలైనుండి 28 దినముల కనీసపథకము 199. ఈ 199లో మాటలును డేటాయును అధికముగ నున్నవందురు. నిజమే. ఒక్క ముద్ద కోరినవానికి విస్తరి వడ్డించి విస్తరి ధర వసూలుచేయుట ఔదార్యమా? తలుపులోపలి సరకు చౌకయైనదిగాని, తలుపు దాటుటకు చెల్లించు సుంకము అయిదురెట్లు దాటినది.

2024 డిసెంబరులో ట్రాయివారు మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు పథకము నొకదానినైన తప్పక పెట్టవలెనని నిబంధన చేసిరి. అపుడు కంపెనీలవారేమి చేసిరి? 2025 జనవరిలో 84 దినములకు జియోవారు 448, ఎయిర్‌టెల్‌వారు 469 రూపాయల పథకములు వెలువరించిరి. దినమునకు లెక్కించిన అయిదున్నర రూపాయలే. కాని దినకూలితో బ్రదుకువాడు నాలుగువందలు పైబడిన మొత్తము ఒక్కమారు తీసి చేతబెట్టవలెను! నిబంధన అక్షరము నెరవేరినది; దాని ప్రాణము పోయినది.

ప్రభుత్వ సంస్థను గూర్చియు నిర్మొగమాటముగ చెప్పుట మా ధర్మము. బి.ఎస్.ఎన్.ఎల్.కు 2019, 2022, 2023 సంవత్సరములలో మూడు విడతల లక్షల కోట్ల సహాయము లభించినది. 2024 జూలైలో తక్కినవారు ధరలు పెంచగా ఇది పెంచలేదు. ఆ యొక్క నెలలోనే సుమారు 29 లక్షలమంది అధికముగ వచ్చి చేరిరి. ప్రజలు తలుపు తట్టిరి. లోపల దీపము లేదు. 4జీ సిద్ధముగ లేకపోవుటచే కొన్ని నెలలకే ఆ ప్రవాహము వెనుకకు మరలినది. 2025 సెప్టెంబరు 27వ తేదీన స్వదేశీ యంత్రసామగ్రితో సుమారు 97,500 టవర్లు ప్రారంభమైనవి. స్వదేశీ యన్నమాట విని మాకు సంతోషము కలుగుటలేదందుమా? కలుగుచున్నది. కాని స్వదేశీ పేరిట సేవాలోపమును సహింపుమనుట స్వదేశీకే అపచారము. ఈ సంస్థ సరిగా నిలిచిననాడే ప్రైవేటువారి ధరలకు కళ్లెము పడును. కనుక దీని బాగు కోరుటయనగా దీనిని నిష్ఠురముగ పరీక్షించుటయే.

అయిన మార్గమేది? తూనికరాళ్లు ప్రజలచేతికి రావలెను. ధరలు నిర్ణయించుట ట్రాయివారు కంపెనీల ఇష్టమునకే విడిచియున్నారు. కొలత నిర్ణయించుటకైనను వారికి అభ్యంతరమేమి? ప్రతి పథకముపైనను దినమునకెంతయో, ఏడాదికెంతయో పెద్దయక్షరములలో ముద్రింపవలెను. వేగమును రద్దీవేళ కొలిచి చెప్పవలెను. 2024 నిబంధనల ననుసరించి కంపెనీలు వ్యాప్తిపటములను ప్రకటించుచున్నవి. కాని ఆ పటము గీయువారును వారే. సర్కిలు సరాసరి మాని, మండలము మండలమునకు స్వతంత్రముగ కొలిచిన లెక్కలు వెలువరింపవలెను. మాటలకు మాత్రమే పనికివచ్చు పథకము 28 దినములకును, ముప్పది దినములకును దొరకవలెను.

ప్రజలకును కర్తవ్యము గలదు. నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు 2011 జనవరి 20నుండి దేశమంతట నున్నది. పోర్ట్ అను మాటయు, తన నంబరును 1900కు సందేశముగ పంపినచో కార్యమారంభమగును. ఒకే సర్కిలులోనైన మూడు పనిదినములలో ముగియును. ఈ హక్కు తుప్పుపట్టిన కత్తివలె ఒరలోనే యున్నది. దూయుటకు ముందు గురి తెలియవలెను. మన గ్రంథాలయములు, పఠనమందిరములు ఏమి చేయుచున్నవి? నాలుగు కంపెనీల సిమ్ములుగల నలుగురు యువకులు పేటపేట తిరిగి, ఉదయమొకమారు, రాత్రి తొమ్మిదింట నొకమారు కొలిచి, ఇంటిలోపల సంకేతమందునో లేదో చూచి, పథకముల దినపుధరతో కూడ ఒక పలకపై వ్రాసి ద్వారమున వ్రేలాడదీయుటకు ఎంత వ్యయమగును? ప్రకటనలకై కోట్లు కుమ్మరించు కంపెనీలకు ఆ సుద్దముక్క వ్రాత చెప్పునంతటి జవాబు ఏ న్యాయస్థానమును చెప్పజాలదు.

పాడేరు కొండమీద కొలుచుటకు యువకులు లేకపోవచ్చును. పట్టణవాసి తన వీధికై అడుగు ప్రతి ప్రశ్నతోపాటు ఆ కొండకై ఒక ప్రశ్న అడుగవలెను. ముద్ర లేని రాతిని సంతలో నెవ్వడును సహింపడు. ఆకాశమున తూచు సరకైనంతమాత్రమున మనమేల సహింపవలెను?