లైసెన్స్ ఒకటే చాలన్న సుప్రీంకోర్టు.. మరి వైట్ ప్లేట్ కారు కిరాయికి తిప్పితే ఇన్సూరెన్స్ వస్తుందా?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు.. ఏడు సీట్ల కారు ఉన్న ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, తిరుపతి వెళ్లి రావాలి.. కారు ఇస్తావా? డీజిల్ మేమే పోయించుకుంటాం, రోజుకు ఇంతని ఇస్తాం" అని అడుగుతారు. ఖాళీగా ఉన్న కారే కదా అని ఓనర్ సరే అంటాడు. బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, డ్రైవర్‌కు లైసెన్స్ ఉంది.. ఇంక భయమేముంది అనుకుంటాడు. కానీ దారిలో యాక్సిడెంట్ అయితే అసలు చిక్కు అప్పుడే బయటపడుతుంది. ఆర్‌సీలో, పాలసీలో అది సొంత అవసరాల కారు. ఆ రోజు రోడ్డు మీద చేసింది మాత్రం ట్యాక్సీ పని.

సుప్రీంకోర్టు తేల్చింది ఏంటి?

ఈ గందరగోళానికి ఇటీవల ఇంకోటి తోడైంది. అదే 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అప్పటి సీజేఐ డీవై చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఈ తీర్పును జస్టిస్ హృషికేశ్ రాయ్ రాశారు. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ వాహనాలను కూడా నడపొచ్చని, దానికి వేరే అనుమతి అక్కర్లేదని ధర్మాసనం స్పష్టం చేసింది.

అంతకుముందు ఈ లైసెన్స్ పాయింట్ మీదే ఇన్సూరెన్స్ కంపెనీలు క్లెయిమ్‌లు కాదనేవి. 'డ్రైవర్‌కు ఉన్నది మామూలు కారు లైసెన్స్.. నడిపింది ట్రాన్స్‌పోర్ట్ బండి' అన్నది వాటి వాదన. 2017లో ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ వాదనను తోసిపుచ్చింది. మళ్లీ సందేహాలు రావడంతో వ్యవహారం రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. చివరికి 2017 తీర్పే నిలబడింది. ట్యాక్సీలు, ఆటో ట్రాలీలు, చిన్న గూడ్స్ బండ్లు నడుపుకొని బతికే డ్రైవర్లకు ఇది నిజంగా పెద్ద ఊరట.

అయితే చాలామంది పొరబడుతున్నది ఇక్కడే. కోర్టు తేల్చింది డ్రైవర్ లైసెన్స్ సంగతి. బండి ఏ కేటగిరీది, దాన్ని దేనికి వాడొచ్చు అన్నది పూర్తిగా వేరే విషయం. ఎల్ఎంవీ లైసెన్స్‌తో ఎల్లో ప్లేట్ ట్యాక్సీ నడపొచ్చు. అంతమాత్రాన వైట్ ప్లేట్ కారును ట్యాక్సీలా తిప్పొచ్చని కాదు.

ప్లేటు రంగులోనే లెక్క ఉంది

తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాహనం. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయికి తిరిగే వాహనం. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకిచ్చే కారు. ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా చూడాలి. సొంతదైనా, కిరాయిదైనా ప్లేటు పచ్చగానే ఉంటుంది. సొంత బండికి తెల్ల అక్షరాలు, కిరాయి బండికి పసుపు అక్షరాలు ఉంటాయి.

మరి అందరూ ఎల్లో ప్లేట్ ఎందుకు తీసుకోరు? కారణం ఖర్చే. ట్యాక్సీకి పర్మిట్ కావాలి, ఫిట్‌నెస్ పరీక్షలు చేయించాలి, ప్రీమియం కూడా ఎక్కువ. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లే చూస్తే.. 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉన్న సొంత కారుకు ఏడాదికి రూ. 3,416. అదే ఇంజిన్‌తో ట్యాక్సీ అయితే రూ. 7,940, దాని మీద ఒక్కో ప్యాసింజర్‌కు రూ. 978. నలుగురు ఎక్కే కారుకు మొత్తం రూ. 11,852 అవుతుంది. జీఎస్టీ ఇందులో కలపలేదు. అంటే మూడు రెట్ల కంటే ఎక్కువే.

రోజంతా తిరిగే బండికి, రోజూ కొత్త మనుషులు ఎక్కే బండికి రిస్క్ ఎక్కువ. అందుకే ఈ తేడా. తక్కువ రిస్క్‌కు డబ్బు కట్టి ఎక్కువ రిస్క్ పని చేయించారన్నదే క్లెయిమ్ దగ్గర కంపెనీ చెప్పే మాట.

యాక్సిడెంట్ అయితే నష్టం ఎవరికి?

ప్రైవేట్ కారు పాలసీలో 'వాడకంపై పరిమితులు' అనే భాగం ఉంటుంది. కిరాయికి వాడితే వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. కిరాయి పర్మిట్ లేని బండిని కిరాయికి తిప్పారన్న కారణాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టులో చూపించుకునే వీలు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లోనే ఉంది.

సొంత బండికి జరిగిన నష్టం విషయంలో కోర్టులు కొంత దయ చూపాయి. సొంత వాడకానికి ఇన్సూరెన్స్ చేసిన ఒక వాహనాన్ని ట్యాక్సీగా తిప్పుతుండగా దుండగులు లాక్కెళ్లిన కేసులో, క్లెయిమ్‌లో 75 శాతం చెల్లించాలన్న ఆదేశాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. యాక్సిడెంట్ అయిన మరో కారు కేసులోనూ క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయడం సరికాదని 2010లో చెప్పింది. కానీ ఇదంతా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక వచ్చిన డబ్బు. అది కూడా పూర్తిగా రాదు.

అసలు భయపడాల్సింది థర్డ్ పార్టీ విషయంలో. రోడ్డు మీద వెళ్తున్న ఎవరికైనా ప్రాణం పోతే బాధిత కుటుంబానికి ముందు పరిహారం చెల్లించమని, తర్వాత ఆ మొత్తాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీలకు చెబుతుంటాయి. పర్మిట్ లేని వాహనం విషయంలో 2018లో సుప్రీంకోర్టు ఇదే పద్ధతిని సమర్థించింది. చనిపోయింది సంపాదించే వయసు మనిషైతే పరిహారం లక్షల్లో ఉంటుంది. రెండు రోజుల కిరాయి కోసం కారు ఇచ్చిన మనిషి ఇల్లో, పొలమో అమ్ముకోవాల్సిన పరిస్థితి రావొచ్చు. దీనికి తోడు పర్మిట్ లేకుండా తిప్పినందుకు సెక్షన్ 192ఏ కింద మొదటిసారే రూ. 10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా ఉంది.

ఇంతకీ ఏం చేయాలి?

బంధువుకో, ఫ్రెండ్‌కో డబ్బు తీసుకోకుండా కారు ఇస్తే అది కిరాయి కాదు. నడిపేవారికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. కిరాయికి తిప్పాలనుకుంటే మాత్రం దారి ఒక్కటే. ఆర్టీఓ ఆఫీసులో కారును ట్రాన్స్‌పోర్ట్ కేటగిరీకి మార్పించి, పర్మిట్ తీసుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి కమర్షియల్ పాలసీ చేయించుకోవాలి. ఆర్‌సీ మార్చి పాలసీ పాతదే ఉంచినా మళ్లీ అదే ఇబ్బంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కూడా ఓ మాట గుర్తుంచుకోవాలి. ట్యాక్సీగా తిరిగిన కారును సొంతానికి కొంటే ఆర్‌సీలో, పాలసీలో రెండుచోట్లా కేటగిరీ మారిందో లేదో చూసుకోవాలి. ఆర్‌సీ కాపీ, పాలసీ కాపీ రెండూ ఫోన్‌లోనే ఉంటాయి. వెహికల్ క్లాస్ దగ్గర రెండింటిలోనూ ఒకటే ఉందా లేదా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. తేడా కనిపిస్తే వెంటనే కంపెనీకి చెప్పి సరిచేయించుకోండి. యాక్సిడెంట్ అయ్యాక ఆ అవకాశం ఉండదు.