‘టీకాలన్నీ వేయించాం’ అంటే సరిపోదు

సంక్రాంతి దగ్గర పడితే హైదరాబాద్‌లో బస్సులు, రైళ్లతో పాటు కుక్కల బోర్డింగులూ నిండిపోతాయి. సొంతూళ్లకు బయల్దేరే కుటుంబాలు పెంపుడు కుక్కను నాలుగైదు రోజులు ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు. దసరాకూ, వేసవి సెలవులకూ ఇదే పరిస్థితి. చాలాచోట్ల అప్పగింత సమయంలో వినిపించే ప్రశ్న ఒక్కటే: టీకాలు వేయించారా? అన్నీ వేయించామని యజమాని చెబుతారు, కార్డు చూపిస్తారు, కుక్క లోపలికి వెళ్లిపోతుంది. ఏ జబ్బుకు వేయించారు, ఎప్పుడు వేయించారు అని అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండూ తేలకుండా కార్డు చూసి ఊరుకుంటే పక్క గదిలోని కుక్కకు ఒరిగేదేమీ లేదు. బోర్డింగులో చేర్చుకునే ప్రతి కుక్కకూ కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి మరోదానికి పాకే దగ్గు) టీకా ముందుగానే వేసి ఉండాలన్నది షరతు కావాలి. దాంతో పాటు గాలి ఆడే గదులు, జబ్బు చేసిన కుక్కకు వేరు గది చూపించడం నిర్వాహకుల వంతు షరతు కావాలి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా రెండోది సగమే పనిచేస్తుంది.

కెన్నెల్ కాఫ్‌కు కారణం ఒక్క క్రిమి కాదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్-2, శ్వాసకోశ కరోనావైరస్, మైకోప్లాస్మా లాంటివి విడివిడిగానో కలిసికట్టుగానో దాడి చేస్తాయి. శ్వాసనాళం లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నని కేశాలుంటాయి. పీల్చిన గాలితో వచ్చిన దుమ్మునూ క్రిములనూ అవి ఎప్పటికప్పుడు పైకి తోసేస్తుంటాయి. బోర్డెటెల్లా సరిగ్గా ఆ కేశాలనే పట్టుకుని వాటిని కదలనివ్వదు. ఆ తర్వాత మిగతా క్రిములకు అడ్డు ఉండదు. సోకిన 2 నుంచి 14 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. కుక్క మెడ ముందుకు చాచి ఖంగుఖంగుమని పొడిదగ్గు దగ్గుతుంది, చివర్లో డోకు వచ్చి కాస్త తెల్లటి నురగ కక్కుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని యజమానులు నోరు తెరిచి వెతుకుతారు. మెడపట్టీ లాగితే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. దగ్గు మొదలవకముందే కుక్క క్రిములను వదలడం మొదలుపెట్టవచ్చు, తగ్గాక కూడా కొన్ని వారాల పాటు వదులుతూ ఉండవచ్చు. తుంపర్ల ద్వారానే కాకుండా నీళ్ల గిన్నెలు, బొమ్మలు, సంరక్షకుల చేతుల ద్వారా కూడా జబ్బు పాకుతుంది. అందువల్ల గేటు దగ్గర నిలబడి, దగ్గే కుక్కను మాత్రం వెనక్కి పంపితే చాలనుకోవడం పొరపాటు.

ఇప్పుడు కార్డు తీసి చూద్దాం. మన దగ్గర ఎక్కువ కుక్కలకు వేసేవి రేబిస్ టీకా, దాంతో పాటు సెవెన్ ఇన్ వన్ లేదా నైన్ ఇన్ వన్ అని పిలిచే మిశ్రమ టీకా. కార్డులో అతికించిన ఆ స్టిక్కర్‌ను దగ్గరగా చూస్తే డిస్టెంపర్, అడినోవైరస్, పార్వో, పారాఇన్‌ఫ్లుయెంజా, లెప్టోస్పైరా పేర్లో, వాటి పొడి అక్షరాలో కనిపిస్తాయి. తొమ్మిది అన్న అంకె చూసి అన్ని జబ్బులకూ కవచం ఉందని యజమాని ధీమాగా ఉంటారు. కెన్నెల్ కాఫ్‌లో ముఖ్య పాత్రధారి అయిన బోర్డెటెల్లా మామూలుగా ఆ తొమ్మిదిలో ఉండదు. అందులో కరోనా అని ఉన్నా అది పేగులకు సోకే రకం, శ్వాసకోశానికి సోకేది వేరు. అంటే కార్డు నిండుగా ఉన్నా బోర్డింగులో ఎక్కువగా ఎదురయ్యే జబ్బు విషయంలో ఖాళీగా ఉండవచ్చు. ఇందులో యజమానుల తప్పు లేదు. ఏ టీకా దేనికో విడమరచి చెప్పాల్సింది వేసిన డాక్టరు, అడిగి చూడాల్సింది చేర్చుకునే నిర్వాహకులు.

బోర్డెటెల్లాకు విడిగా టీకా ఉంది, కెన్నెల్ కాఫ్ టీకా అంటున్నది దీన్నే. ముక్కులో చుక్కలుగా వేసేది, నోట్లో వేసేది, చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చేది అని మూడు రకాలు. ముక్కులో వేసే వాటిలో ఒక రకానికి డోసు అర మిల్లీలీటరు కూడా ఉండదు. సూది తీసేసిన సిరంజితో ఒక ముక్కురంధ్రంలో వదులుతారు. క్రిమి ప్రవేశించే చోటే రోగనిరోధకత పుడుతుంది కాబట్టి ఇది త్వరగా పనిచేస్తుంది. బోర్డెటెల్లా నుంచి సుమారు మూడు రోజుల్లో రక్షణ మొదలవుతుంది. అయితే అదే చుక్కల్లో కలిపే పారాఇన్‌ఫ్లుయెంజా భాగానికి మూడు వారాలు పట్టవచ్చు. ఇంజెక్షన్ రకమైతే మొదటిసారి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఏ రకమైనా ఏడాదికోసారి మళ్లీ వేయించాలి. బస్సు టికెట్ చేతికొచ్చాక, ప్రయాణం ముందురోజు క్లినిక్‌కు పరిగెత్తితే కార్డులో స్టిక్కర్ పడుతుంది గానీ కుక్కకు రక్షణ రాదు. ముక్కులో వేసేది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి, అదే సమయంలో కుక్క యాంటీబయాటిక్ వాడుతుంటే ఫలితం దెబ్బతింటుంది. వేశాక రెండు మూడు రోజులు తుమ్ములు, కాస్త ముక్కు కారడం మామూలే. ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవారో, అవయవ మార్పిడి చేయించుకున్నవారో ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇన్ని విషయాలు చూసుకోవడానికి కనీసం నెల రోజుల ముందు మొదలుపెట్టాలి.

అది దగ్గే కదా, దానంతటదే తగ్గిపోతుంది, ఇంత హడావుడి దేనికి అని కొందరంటారు. ఆరోగ్యంగా, వయసులో ఉన్న కుక్క విషయంలో ఈ మాటలో నిజముంది. ఎక్కువ కుక్కలు ఒకటి నుంచి మూడు వారాల్లో కోలుకుంటాయి, చాలావాటికి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. కానీ బోర్డింగులో ఉండేవన్నీ అలాంటి కుక్కలు కావు. ఒక గదిలో మూడు నెలల పిల్ల, పక్క గదిలో పన్నెండేళ్ల ముసలి లాబ్రడార్, ఆ పక్కన ముఖం నొక్కుకుపోయి మామూలుగానే ఊపిరికి ఇబ్బంది పడే పగ్ ఉండవచ్చు. వీటికి అదే దగ్గు న్యుమోనియాకు దారితీస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. మన దేశంలో డిస్టెంపర్ ఇంకా పోలేదు. అదీ జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, దగ్గుతోనే మొదలవుతుంది. టీకాల్లేని కుక్క దగ్గుతుంటే కెన్నెల్ కాఫ్‌లే అని కొట్టిపారేయడం ఆ కుక్కకే కాదు, అక్కడున్న ప్రతి కుక్కకూ ముప్పు. మన కుక్కకు తేలిగ్గా పోయే జబ్బు పక్కింటివారి కుక్కకు తేలిగ్గా పోతుందన్న భరోసా లేదు.

టీకా వేయించిన కుక్కలకూ దగ్గు వస్తోంది కదా అన్నది మరో అభ్యంతరం. వస్తుంది. ఇన్ని క్రిములున్న జబ్బును ఒకటి రెండింటికి వేసే టీకా పూర్తిగా ఆపలేదు. టీకా వల్ల జబ్బు తీవ్రత తగ్గుతుంది, వదిలే క్రిముల సంఖ్య తగ్గుతుంది. గుంపులో ఉన్నప్పుడు అది చిన్న లాభం కాదు. అమెరికాలో డే కేర్‌లు, బోర్డింగులు బోర్డెటెల్లా టీకా లేనిదే కుక్కను చేర్చుకోకపోవడం చాలాచోట్ల మామూలు. అక్కడ కుక్కలను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిందే. అయినా 2015లో షికాగోలో ఆసియా నుంచి చేరిన హెచ్3ఎన్2 రకం కుక్కల ఫ్లూ వెయ్యికి పైగా కుక్కలకు సోకి, కొన్ని బోర్డింగులు తాత్కాలికంగా మూతపడ్డాయి. బోర్డెటెల్లా టీకా ఫ్లూను ఆపదు. ఈ అనుభవం టీకా వృథా అని చెప్పడం లేదు. టీకా చూసుకుని మిగతా జాగ్రత్తలు వదిలేస్తే ఏమవుతుందో చెబుతోంది.

ఇది అందరికీ తప్పనిసరి టీకా కాదని డాక్టర్లే చెబుతున్నారు గదా అని ఇంకొందరు అడుగుతారు. ప్రపంచ చిన్న జంతు వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో డిస్టెంపర్, అడినోవైరస్, పార్వో టీకాలు ప్రతి కుక్కకూ ముఖ్యమైనవి. బోర్డెటెల్లాది అవసరాన్ని బట్టి వేసే జాబితా. గడప దాటని, ఇతర కుక్కలను కలవని కుక్కకు అది అక్కర్లేకపోవచ్చు. అవసరాన్ని బట్టి అన్నప్పుడు, కొత్త కుక్కల మధ్య నాలుగు రాత్రులు గడపడం కన్నా స్పష్టమైన అవసరం ఏముంటుంది? చిన్న పట్టణాల్లో ఈ టీకా ప్రతి క్లినిక్‌లో దొరకదన్న ఇబ్బంది మాత్రం నిజమైనదే. దొరకని చోట కుక్కను గుంపులోకి పంపకుండా, దానికి అలవాటైన బంధువులో పొరుగువారో ఇంటికొచ్చి చూసుకునే ఏర్పాటు మేలు.

ఇక నిర్వాహకుల బాధ్యత. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది, పెట్ షాపులపై 2018లో తెచ్చింది. రెండింటి దృష్టీ ప్రధానంగా అమ్మకం మీదే. నాలుగు రోజులు ఉంచుకుని చూసుకునే వ్యాపారానికి అంత స్పష్టమైన ప్రమాణాలు కావాలి. ఇంగ్లండ్‌లో 2018 నాటి నిబంధనల ప్రకారం బోర్డింగ్ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి, జబ్బు చేసిన కుక్కను విడిగా ఉంచే ఏర్పాటు చూపాలి. మన నగరపాలక సంస్థలు పెంపుడు కుక్కకు లైసెన్సు, రేబిస్ టీకా అడుగుతున్నాయి. బోర్డింగులనూ ఆ పరిధిలోకి తెచ్చి టీకా రికార్డులు, వేరు గది, అందుబాటులో ఉండే డాక్టరు, ఎన్ని గదులకు ఎన్ని కుక్కలు అన్నవి తనిఖీ చేయడం అసాధ్యమేమీ కాదు. పండుగ రోజుల్లో షరతులు పెడితే గిరాకీ పోతుందని నిర్వాహకులు భయపడతారు. ఒక్కసారి దగ్గు పాకి, పదిమంది యజమానులు పండుగ నుంచి రాగానే క్లినిక్ ముందు వరుసకడితే పోయే నమ్మకం అంతకన్నా పెద్ద నష్టం. అందరూ ఒకే షరతు పెడితే ఎవరి గిరాకీ పోదు.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. పండుగకు నెల ముందు మీ కుక్క కార్డు తీసి బోర్డెటెల్లా అన్న పేరు వెతకండి, లేకపోతే డాక్టరును అడగండి. బోర్డింగుకు స్వయంగా వెళ్లి కిటికీలు తెరుచుకుంటాయో లేదో, నీళ్ల గిన్నెలు విడివిడిగా ఉన్నాయో లేదో, దగ్గే కుక్కను ఎక్కడ ఉంచుతారో చూడండి. మీ కార్డు అడగకుండానే చేర్చుకుంటామన్న చోట కుక్కను వదలకండి. మీ కుక్క కార్డు చూడనివాళ్లు పక్క కుక్క కార్డూ చూసి ఉండరు. బయల్దేరే రోజు కుక్క ఒక్కసారి దగ్గినా ప్రయాణం మార్చుకోండి, లేదా కుక్కను ఇంట్లోనే చూసుకునే మనిషిని పెట్టండి. తన సంగతి తాను చెప్పుకోలేని ప్రాణి తరఫున అడగాల్సింది మనమే.