రంగు చూసేదెవరు? ధర కట్టేదెవరు?

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మకు ధర ఎలా పలుకుతుందో మనకు చెప్పక్కరలేదు. రంగు తేలిగ్గా ఉంటే ఒక ధర, ముదురుగా ఉంటే ఇంకో ధర. ఆ రంగు కోసమే పెనంలో హైడ్రోస్ పడుతోంది. అది తప్పే, మేము సమర్థించడం లేదు. కానీ రైతుకు నాణ్యత పాఠాలు చెప్పేవాళ్లు, రంగును బట్టి ధర తేల్చేవాళ్లను ఒక్క మాటైనా ఎందుకు అడగరు?

ఈ సందర్భంలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రపు మేపుల్ రైతుల సంగతి చెప్పాలి. ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో దాదాపు 70 శాతం వారిదే. పని మన బెల్లం వంటకు దగ్గరగానే ఉంటుంది. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు మంచు కరిగే కొద్ది వారాల్లోనే చెట్టుకు రంధ్రం పెట్టి తీపి నీరు పడతారు. సుమారు 40 లీటర్లు మరగబెడితే ఒక లీటరు పాకం. పట్టిన నీరు నిలవ ఉంటే చెడుతుంది, వెంటనే పొయ్యి ఎక్కించాలి. చెట్టు మొగ్గ తొడిగిందంటే రుచి పాడవుతుంది, ఆ ఏటికి పని ముగిసినట్టే. సీజను మొదట్లో వచ్చేది లేత రంగు, ఎండ పెరిగే కొద్దీ ముదురు. ఇందులో రైతు తప్పేమీ లేదు.

ఒకప్పుడు అక్కడా రంగును బట్టి ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు అనేవారు. 2010 దశకం మధ్యలో ఆ పద్ధతి మార్చారు. రుచిలో దోషం లేకపోతే బంగారు రంగు నుంచి బాగా ముదురు రంగు దాకా నాలుగూ ‘ఎ’ గ్రేడే. పెద్ద పీపాల్లో అమ్మే సరుకును కొనేవాడు కాక, స్వతంత్ర తనిఖీదారులు చక్కెర శాతం, రంగు, రుచి చూసి గ్రేడు కడతారు. రంగుల మధ్య ధర తేడా ఇప్పటికీ ఉంది. అయితే ఆ తేడా ఎంతో రైతు సంఘమూ కొనుగోలుదారులూ కూర్చుని ముందే ఒప్పందంలో రాసుకుంటారు. అప్పటికప్పుడు కంటిచూపుతో తేలదు.

ఈ బేరం ఆడే బలం నిల్వ నుంచి వచ్చింది. 2000లో పంట విరగకాసి సరుకు మిగిలిపోతే, సంఘం దాన్ని గోదాముల్లో పెట్టింది. 2021లో దిగుబడి పడిపోయినప్పుడు ఆ నిల్వలో దాదాపు సగం, అంటే సుమారు 5 కోట్ల పౌండ్లు, మార్కెట్‌కు వదిలింది. (ఆ గోదాములోనే 2011-12లో దొంగలు పడి 3,000 టన్నులకు దగ్గరగా సరుకు ఎత్తుకుపోయారు. కొన్ని పీపాల్లో నీళ్లు నింపి పెట్టారు. సంఘం సొమ్మైనా కాపలా లేకపోతే అంతే మరి.)

అక్కడ అంతా బాగుందని మేము అనడం లేదు. 2004 నుంచి ఎవరు ఎంత తీయాలో కోటా ఉంది. నచ్చని రైతులు సంఘం మీదే కోర్టుకెళ్లారు. నిల్వలోకి వెళ్లిన సరుకుకు పూర్తి డబ్బు అమ్ముడయ్యాకే అందుతుందన్న ఫిర్యాదు ఉంది. అప్పు చేసి చెరకు వేసే మన కౌలు రైతు అన్నాళ్లు ఆగలేడు. కాబట్టి కోటా మనకొద్దు. నిల్వ పెట్టాలంటే, శీతల గిడ్డంగిలో పెట్టిన దిమ్మల మీద ఆ రోజే అప్పు పుట్టాలి.

గ్రేడు కట్టే పద్ధతి మాత్రం మనం అడిగి తీరాలి. యార్డులోనే, వేలానికి ముందే, కొనేవాడితో సంబంధం లేని మనిషి హైడ్రోస్, తేమ, రుచి పరీక్షించి దిమ్మల మీద చీటీ అంటించాలి. ఖర్చు రైతు మీద వేయకుండా మార్కెట్ సెస్సు నుంచి పెట్టాలి. మందు కలపని ముదురు బెల్లానికి ధర తెల్ల బెల్లం కన్నా తగ్గకూడదు. రైతు ఒక సీజను ఆ ధర కళ్లజూస్తే, పెనం దగ్గర హైడ్రోస్ డబ్బా తనే పక్కన పెడతాడు. కొత్త బెల్లం యార్డుకు వచ్చేలోగా ఈ అర్జీ మీద గ్రామాల్లో సంతకాలు పూర్తి చేసి, మార్కెట్ కమిటీకి ఇద్దాం.