బందరు వీధులలో మా నడక



ఈ మాసమున మీతో ఒక రేవుపట్టణమును గూర్చి ముచ్చటింపదలచితిని. మట్టెవాడలో కాపురముండి, ఏండ్ల తరబడి సముద్రము మొగము చూడని ఆడుదానికి రేవుతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. ఓరుగల్లువారికిని ఒకప్పుడు రేవు కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలిమిని గైకొనుచుండిరనియు, తాను మాత్రము తగిన సుంకము తప్ప మరేమియు తీసికొననియు అందు వర్తకులకు మాట ఇచ్చెను. ఆ శతాబ్దాంతమున మార్కో పోలో అను యాత్రికుడు అచ్చటి సన్నని వస్త్రములను సాలెపురుగు గూటితో పోల్చి మెచ్చుకొనెను. మోటుపల్లి నేడు చిన్న పల్లె. తరువాతి కాలమున గోలకొండ సుల్తానుల యేలుబడిలో ఆ ప్రాభవము బందరునకు, అనగా మచిలీపట్టణమునకు దక్కినది.

అయితే నన్ను బందరునకు నడిపించినది చరిత్ర కాదు. ఒక పాత దుప్పటి. మా అత్తగారి పెట్టెలో అద్దకపు దుప్పటి యొకటి కలదు. ఎర్రని పూలు, నల్లని తీగలు, అంచున చిలుకలు. దానిని ఆమె 'బందరు దుప్పటి' అనుచుండెడిది. అది ఆమెకు కన్నతల్లి ఇచ్చినదట. ఎప్పుడు కొన్నారు, ఎవరు చేసినారు అని అడుగవలెనని నాకప్పుడు తోచలేదు. ఆమె గతించి మూడేండ్లయినది. ఇక అడుగుటకు మనిషి లేదు. సంక్రాంతి సెలవులు రాగానే దుప్పటిని సంచిలో పెట్టుకొని, మా వారితోను పండ్రెండేండ్ల మా అమ్మాయితోను బెజవాడకు రైలెక్కితిని. అచ్చటినుండి బస్సులో బందరు చేరితిమి.

దారి చూపువానిని ఎవ్వరిని పెట్టుకొనలేదు. మా వారు బడిపంతులు గనుక చూడవలసిన స్థలములను వరుసగా ఒక కాగితముపై వ్రాసికొనిరి. నేను మాత్రము వీధి పేర్లను చూచుచు నడచితిని. బందరులో పేర్లే సగము చరిత్రను చెప్పును. వలందపాలెమున వలందులు, అనగా డచ్చివారు, పరాసుపేటలో ఫ్రెంచివారు, ఇంగ్లీషుపాలెమున ఆంగ్లేయులు. డచ్చివారు 17వ శతాబ్దారంభముననే వచ్చిరి. ఆంగ్లేయులు 1611లో వర్తకశాల పెట్టిరి. ఫ్రెంచివారు 1669లో చేరిరి. ముగ్గురును వచ్చినది ముఖ్యముగ గుడ్డలకొరకే. ఇచ్చటి గుడ్డలను కొని, తూర్పు దీవులకు పంపి, వానికి మారుగా డచ్చివారు లవంగములు, జాజికాయలు తెచ్చుకొనుచుండిరి. మన పోపుపెట్టెలోని లవంగమునకును మన సాలెల మగ్గమునకును ఇంతటి చుట్టరికమున్నదని నేనెన్నడును తలపలేదు.

దారి అడుగుచు డచ్చివారి శ్మశానవాటికకు పోయితిమి. పెద్ద పెద్ద రాతిపలకలు. వానిపై ఉబ్బెత్తుగా చెక్కిన వంశచిహ్నములు, పేర్లు. ఆ భాష మాకు రాకున్నను, మూడువందల యేండ్లు దాటినను అక్షరములు చెదరలేదు. మా అమ్మాయి వ్రేలితో ఒక్కొక్క అక్షరమును తడవి చూచినది. ఈ ఊరిలోనే సెయింట్ మేరీ చర్చి యున్నది. 1809లో చనిపోయిన ఒక ఆంగ్లేయ యువతిని వలచిన సేనాని, ఆమె మతభేదముచేత శ్మశానమున చోటు దొరకనందున, ఆమె సమాధిపైననే ఆ చర్చిని కట్టించెనని చెప్పుదురు.

అచ్చటినుండి బందరుకోట దారి పట్టితిమి. శిథిలములైన కట్టడములు, ముండ్లపొదలు, బురదనేల, ఉప్పుగాలి. 1864 నవంబరు 1వ తేది రాత్రి గాలివాన వెంట ఉప్పెన వచ్చి ఈ కోటను, పట్టణమును ముంచివేసెను. సుమారు 30,000 మంది ఒక్క రాత్రిలో పోయిరి. మా వారు ఈ సంగతి చెప్పగా అమ్మాయి వినుచుండి, "వాళ్ల రాళ్లు ఎక్కడున్నాయి నాన్నా?" అని అడిగినది. ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొనిరి. జవాబు చెప్పలేదు.

ఆ దారిలో ఎండుచేపలు ఆరవేయుచున్న ఒక స్త్రీ మాకు మంచినీళ్లిచ్చినది. అరువది యేండ్లుండవచ్చును. పుట్టిల్లు దివిసీమయట. ఉప్పెన మాట ఎత్తగానే ఆమె 1864ను గూర్చి చెప్పలేదు; తన ఉప్పెనను గూర్చి చెప్పినది. అది 1977 నవంబరు 19. దివిసీమ ప్రాంతమున సుమారు 10,000 మంది ఆహుతియైన దినము.

"నాకప్పుడు పన్నెండేళ్లు తల్లీ. గాలివాన వస్తుందని ఎవరో అన్నారంట. ఎప్పుడూ వచ్చేదేగా అనుకున్నాం. మా అమ్మ దూడని విప్పుదామని వెళ్లింది. మళ్లీ రాలా."

"మీ అమ్మ పేరేమి పెద్దమ్మా?" అని అడిగితిని.

ఆమె నన్ను ఒక క్షణము చూచి, పేరు చెప్పినది. "ఈ పేరు నన్నడిగినోళ్లు లేరమ్మా ఇన్నాళ్లూ" అని పైటచెంగుతో మొగము తుడుచుకొనినది. ఆ పేరు ఆమెది గనుక ఇచ్చట వ్రాయను. మా అమ్మాయి తన పుస్తకములో వ్రాసికొనినది.

1864 ఉప్పెనకు నెల ముందు కలకత్తాను గూడ ఘోరమైన తుపాను ముంచెను. అట్టి విపత్తుల తరువాతనే 1875లో మన దేశమున వాతావరణశాఖ ఏర్పడినది. నేడు తుపాను పుట్టినది మొదలు కబురు మన చేతిలోని ఫోనునకు వచ్చుచున్నది. 'ఎప్పుడును వచ్చునదే' అను మాట మాత్రము మన యిండ్లనుండి ఇంకను పోలేదు. సముద్రతీరపు సోదరీమణులు ఈ మాటను మన్నింతురుగాక: కబురు వచ్చినప్పుడు దూడను ముందే విప్పుడు, పిల్లలతో ముందే కదలుడు.

మరునాడు పెడనకు పోయితిమి. బందరునకు పది కిలోమీటర్ల దూరము. బందరు కలంకారీ యనబడు అద్దకపు పని నేడు ముఖ్యముగ అచ్చటనే సాగుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. ఇచ్చట టేకు అచ్చులతో అద్దుదురు. గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో నానవేసిన రసముతో నలుపు వచ్చును. పటిక అద్దినచోట మొదట ఏమియు కనబడదు. ఎర్రరంగులో కాచునప్పుడు ఆ చోట మాత్రమే ఎరుపు తేలును. పూర్వము ఆ ఎరుపునకు చిరివేరు వాడుచుండిరి. పారు నీటిలో గుడ్డలు జాడించుటలో స్త్రీలును పాలుపంచుకొందురు.

నా దుప్పటిని ఒక వృద్ధ పనివానికి చూపితిని. ఆయన కన్నులద్దములు తీసి, గుడ్డను వెనుకకు త్రిప్పి, వ్రేళ్లతో రుద్ది చూచి, "పాత పద్ధతి అమ్మగారూ. మా సీమ పనే. ఎవరి చెయ్యో మాత్రం చెప్పలేను. మేము పేరు వేసుకోము కదా" అనెను.

తిరుగు రైలులో మా వారిని అడిగితిని: "అత్తగారి తల్లిగారిని గూర్చి మీకేమి తెలియును?" తర్పణములలో చెప్పుదురు గనుక పేరు వెంటనే చెప్పిరి. ఆమె పుట్టినది ఏ యూరో, ఈ దుప్పటి ఆమె చేతికెట్లు వచ్చినదో చెప్పలేకపోయిరి. కొంతసేపటికి, "అమ్మ యున్నప్పుడు అడుగవలసినది" అనిరి.

2023లో బందరు చెంత క్రొత్త రేవు పనులు మొదలైనవి. మీలో ఎవరైన పోదురేని పుష్య మాఘములలో పొండు, తెల్లవారకమున్నే బయలుదేరుడు, కోట దారిలో నీడ తక్కువ గనుక నీళ్లు వెంట నుంచుకొనుడు. రాళ్లమీది పేర్లతోపాటు మనుష్యుల పేర్లును అడుగుడు.

ఇంటికి రాగానే చిన్న గుడ్డముక్కపై నల్లదారముతో మూడు వరుసలు కుట్టి దుప్పటి మూలకు చేర్చితిని. మొదటి వరుసలో అత్తగారి తల్లిగారి పేరు, రెండవదానిలో అత్తగారి పేరు. మూడవదానిలో, 'అద్దినవారు బందరు సీమవారు' అని. మీ పెట్టెలలోను అట్టి వస్తువు ఏదేని యుండును. చెప్పగల పెద్దవారు ఇంకను ఇంట నున్నయెడల, ఈ సాయంకాలమే వారిచెంత కూర్చుండి అడుగుడు.