చువ్వల చూడీలు

చూడీలంటే లాడ్ బజార్ గాజులేనా? పాతబస్తీ మెకానిక్కులకు బోల్టు మీది మరలు కూడా చూడీలే! మొన్న శాలిబండలో ఓ కొత్త సైకిల్ చువ్వ మీద గోరు జరిపి చూశా. తీగ 2 మిల్లీమీటర్లు. మరల దగ్గర దాదాపు 2.2! కోస్తే సన్నబడాలి గానీ లావెక్కడమేంటి?

అక్కడ కోతే లేదు మరి. గట్టి అచ్చుల మధ్య దొర్లించి నొక్కుతారు. అణిగిన లోహం పక్కకి ఉబికి మరవుతుంది. చెక్కలో నారలా ఉక్కులోనూ ఓ వరస ఉంటుంది. అది తెగదు, మర వెంటే వంగుతుంది. నొక్కుడుకి గాడి అడుగు గట్టిపడుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా చువ్వ బిగుస్తూ వదులవుతూ ఉంటుంది కదా, పగులు మొదలయ్యే చోట్లలో అదొకటి. (పెళుసు పోత ఇనుముతో ఈ పని కాదు, పగులుతుంది.)

చువ్వ పొడవైందని కొస కత్తిరించి, డైతో మరలు కోసిస్తామంటే ఒప్పుకోకండి. సరైన కొలతదే అడగండి.